పక్కటెముకల పక్కన నా వేళ్లు

అక్కా,

ఫోన్లో చెబితే ఏడుస్తానని భయపడి కలం పట్టుకున్నాను.

మొన్న నా రాత్రి డ్యూటీలో ఆయాసపడుతున్న మూడేళ్ల పాపను ఎక్స్‌రే గదికి తెచ్చారు. తల్లి నెలలు నిండిన మనిషి, లోపలికి రాకూడదు. వెంట ఇంకెవరూ లేరు. పాప కదలడంతో రెండుసార్లు బొమ్మ చెదిరింది.

"మళ్లీ కదిలితే మత్తివ్వాలి. ఈ ఆయాసంలో మత్తంటే నాకే భయంగా ఉంది" అంది ఎక్స్‌రే తీసే అమ్మాయి.

నాలాంటి ఆయాలు పట్టుకోకూడదు, ఇంటివాళ్లే పట్టుకోవాలని రూలు.

"నేను దాని అమ్మమ్మనే" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వుతూ సీసపు కోటు నాకు తొడిగింది. "సరే అమ్మమ్మగారూ, వదలకండి మరి!"

పాపను రెండు చేతులా పట్టుకుని దేవుడి పాట అందుకున్నాను. ఏడుపు ఆపి నా నోటి వంకే చూసింది. బొమ్మ కుదిరింది. తెరమీద ఆ చిన్ని పక్కటెముకల పక్కన నా వేళ్ల ఎముకలు!

"పర్లేదమ్మా, ఊపిరితిత్తులు బాగా కనిపిస్తున్నాయి" అన్నాడు డాక్టరు.

మీ మరిది పోయాక నేను ఎవరి పక్కనా ఫోటో దిగలేదక్కా. దిగిన ఆ ఒక్కటీ పాపతో వార్డుకు వెళ్లిపోయింది. పొద్దున చూడబోతే పాప కోలుకుంటోంది, అసలు అమ్మమ్మ ఒళ్లో పడుకుని ఉంది. గుమ్మంలోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.

ఈ ఉత్తరం నీ దగ్గరే దాచు. బావగారికి కూడా చూపించకు. పిల్లల్లేని మనిషి అమ్మమ్మనని చెప్పుకుందని జాలిపడతారు.

నీ చెల్లి