రికార్డింగులో మోగిన కాలింగ్ బెల్

నాన్నా,

నీ ఫోన్‌లోంచి ఆ కీబోర్డు వాయింపు రికార్డింగ్ తీసేసింది నేనే. వెతక్కు. కాఫీ తాగగానే కీబోర్డు ముందు కూర్చో. తలుపు వేసుకోవద్దు.

ఒక్కరోజు వాయించి రికార్డు చేసుకుని, మేం నువ్వు వాయిస్తున్నావనుకునేలా తలుపేసుకుని అదే రోజూ పెట్టి పడుకుంటావా? అందులో మధ్యలో మన కాలింగ్ బెల్ మోగుతుంది. నువ్వు గురకలో ఉంటావు, నీకేం తెలుస్తుంది! అమ్మ మాత్రం మోకాళ్లు పట్టుకుని రోజూ వెళ్లి తలుపు తీస్తోంది. "ఎవరో పిల్లలు బెల్లు కొట్టి పారిపోతున్నారే" అంటోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టరు వాయించమన్నది పక్షవాతం వచ్చిన నీ వేళ్లు కదలాలని. మేం చప్పట్లు కొట్టాలని కాదు.

ఇంకోటి. పొద్దున నేను నీ చొక్కా గుండీలు పెడుతుంటే మొహం తిప్పుకున్నావు. అవి నువ్వే పెట్టుకోవాలి నాన్నా. ఎంత ఘోరంగా వాయించినా వింటాను. ఎందుకు మానేశావో సాయంత్రం నాకొక్కదానికే చెప్పు.