రబ్బరుతో చెరిపిన గీతలు

దవై, మంగళవారం

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, మనసే ఒకచోట నిలవడం లేదు. ఇంగ్లీషు మాటలో ఎక్కడ ఒత్తి పలకాలో నిఘంటువులో చిన్న గీత పెట్టి చూపిస్తారు కదా, అది చూసి పలకమని ఏడాదిగా పిల్లలకు నేర్పుతున్నాను. నిన్న మా తరగతిలో యిన్ మే నిఘంటువు తెరిస్తే కొన్ని గీతలు రబ్బరుతో చెరిపి, పెన్సిలుతో వేరేచోట పెట్టి ఉన్నాయి.

"ఇదేం పనే?" అన్నాను.

"మీరు పలికేది ఒకలా, పుస్తకంలో ఇంకోలా ఉంది టీచరమ్మా. మీది తప్పని ఎలా అంటాం? అందుకే అందరం పుస్తకాలే దిద్దేసుకున్నాం," అంది.

ముప్ఫై పుస్తకాలూ అంతే! పై వారమే రంగూన్ నుంచి పరీక్ష పెట్టేవాళ్లు వస్తున్నారు. ఈలోగా ఎన్ని మాటలని మార్చుకోను?

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? శనివారం బస్సులో ఎండురొయ్యల వేపుడు పంపు. దాంతోపాటు నాన్న పాత నిఘంటువు కూడా, ఆయన కంటపడకుండా. ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకునేటప్పుడు, ఆయన పలికినదానికి తగ్గట్టు అందులో గీతలు నేనే మార్చాను. ఎన్ని మార్చానో చూసుకోవాలి. ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఈ కార్డు చింపెయ్. ఆయన పాదాలకు నా మొక్కులు మాత్రం నోటితో చెప్పు.

నీ చెల్లెలు
ఖిన్ లే