కొంకర్లు పోయిన చేతికి నటన అంటగట్టిన బోర్డు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి దివ్య సముఖమునకు,

అయ్యా,

విషయం: రక్తములో కాల్షియం పడిపోయి నా కుడిచేయి కొంకర్లు పోగా, దానిని మెడికల్ బోర్డు వారు నటనగా తేల్చుట, ఆపై ఉద్యోగమునుండి ఎందుకు తీసివేయరాదో ఏడు రోజులలో చెప్పుమని తమరు మెమో దయచేయుట – గురించి.

తమ ఆసుపత్రి గుడ్డల గదిలో పదకొండేళ్లుగా కుట్టుమిషను తొక్కుచున్న నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. గత సంవత్సరము నా గొంతులోని థైరాయిడ్ గడ్డను తమ ఆసుపత్రిలోనే తీసివేసినారు. ఆనాడు నామీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ అంచు నేను కుట్టినదే. దానిలో లోపమేమియు లేదు. థైరాయిడ్ వెనుక గోధుమగింజంతేసి గ్రంథులు నాలుగు ఉండునట. గడ్డతోపాటు అవియు పోయినవి. ఈ సంగతి డిశ్చార్జి కాగితములో రాయలేదు. మూడవనాడు పెదవుల చుట్టూ చీమలు పాకినట్లయి, వేళ్లు తిమ్మిరెక్కి, చేతిలోని గ్లాసు జారినప్పుడు నాకు తెలిసినది.

2. ఆ గ్రంథుల పని ఏమిటో వార్డు నర్సమ్మ విడమరచి చెప్పినది. రక్తములో కాల్షియం తగ్గగానే అవి ఎముకలను కొంత వదలమనును, మూత్రపిండాలను పారబోయవద్దనును, తిన్నదానిలోనుండి ఎక్కువ లాగుటకు విటమిన్ డిని సిద్ధము చేయించును. కాల్షియం ఎముకకే కాదు. కండ కదులుటకు, నరము కుదురుగా ఉండుటకు, గుండె కొట్టుకొనుటకు కూడా అదే కావలెను. నా ఒంటిలో ఈ హెచ్చుతగ్గులు చూచేవారే లేరు గనుక, మూడుపూటలా మాత్రలు మింగి ఆ పని నేనే చూచుకొనుచున్నాను.

3. పోయిన నెల తమ మందుల గదిలో ఆ మాత్రలు నిండుకొన్నవి. "రేపు రండి" అని నాలుగు రోజులు తిప్పినారు. ఐదవనాడు మిషను మీదనే చేయి బిగుసుకొనినది. మా మేస్త్రీ "పని ఎగ్గొట్టుచున్నది" అని రాసి నన్ను బోర్డుకు పంపినారు.

4. బోర్డు వారు మొదట నా ఎక్స్‌రే చూచినారు.

"ఎముకలు ఉక్కులా ఉన్నాయి. కాల్షియం లేదంటావేంటమ్మా?"

"ఎముకల్లో ఉందండీ, రక్తంలోకి రావడం లేదు" అంటిని. రక్తపరీక్ష చేయించమని, నాకు తోడుగా వచ్చిన నర్సమ్మ అడుగగా, ఎక్స్‌రే చాలునన్నారు.

5. పిమ్మట బోర్డు పెద్దగారు బీపీ చూచుటకు నా చేతికి పట్టీ చుట్టి గట్టిగా గాలి కొట్టినారు. అంతలో వారికి ఫోను వచ్చినది. వారు ఇల్లు కట్టుకొనుచున్నారు. స్నానాల గదికి ఏ రంగు టైల్సు వేయవలెనని మాట. "తెలుపొద్దు, మరకలు కనిపిస్తాయి" అన్నారు. పట్టీ సంగతి మరిచినారు. మూడు నిమిషాలకు నా మణికట్టు వంగి, బొటనవేలు అరచేతిలోకి పోయి, తక్కిన వేళ్లు పక్షిముక్కువలె అతుక్కొనినవి. అప్పుడు ఇటు తిరిగినారు.

"ఏంటీ వేషాలు? చెయ్యి చాపు."

"చాపలేనండీ. నా జబ్బే ఇది."

నర్సమ్మ ఉండబట్టలేక అన్నది: "డాక్టరుగారూ, కాల్షియం తగ్గిందేమో చూసే పరీక్షే ఇదండీ. పట్టీ బిగించి మూడు నిమిషాలుంచితే చెయ్యి ఇలాగే వంగుతుంది. మీకు తెలియకుండా మీరే చేసేశారు."

"నిన్నెవరడిగారు?" అని, వారు కాగితము మీద "నటించుచున్నది" అని రాసి సంతకము చేసినారు. జబ్బు కనిపెట్టినవారే నన్ను దొంగను చేసినారు.

6. నర్సమ్మ నన్ను వార్డుకు తీసుకుపోయి, డ్యూటీ డాక్టరమ్మతో రక్తము తీయించి, నరములోకి కాల్షియం మెల్లగా ఎక్కించినది. పావుగంటలో వేళ్లు విచ్చుకొనినవి. ఫలితము సాయంత్రము వచ్చినది: కాల్షియం ఉండవలసినదానిలో సగమునకు కొంచెమే ఎక్కువ. జతపరచితిని. అప్పటికే బోర్డు వారు ఇళ్లకు పోయినారు. అడగకుండా రోగము చెప్పినందుకు నర్సమ్మకు కూడా మెమో వచ్చినది.

7. కావున "నటన" అన్న మాట కొట్టివేయించి, ఇద్దరి మెమోలు రద్దుచేసి, మాత్రలు నిండుకొనకుండా చూడవలెను. ఇంకను అనుమానమున్న యెడల, అదే పట్టీ బోర్డు సభ్యులలో ఎవరికైనా మూడు నిమిషాలు బిగించి, వారి వేళ్లను నా వేళ్లతో పోల్చి చూడగోరుచున్నాను.

తీరిక చేసుకొని ఒక్కసారి చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
గుడ్డల గది కుట్టుపనిమనిషి

తా.క.: అయ్యా, పైన రాసిన భాష మా బావగారిది. కోర్టులో గుమాస్తా. "అర్జీలో ఏడుపుకి నంబరుండదు, ఏడవకు" అన్నారు. అందుకని ఈ నాలుగు ముక్కలూ ఆయనకి చూపించకుండా రాస్తున్నాను. ఆ గదిలో నేను నటించిన మాట నిజమే. పట్టీ బిగించిన కాసేపటికే చెయ్యి మెలిపెట్టేసింది, ప్రాణం పోయేంత నొప్పి. పెద్దాయన ఫోన్లో ఉన్నారు కదా, మధ్యలో పిలిస్తే ఏం బాగుంటుందని, ఏమీ కానట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాను. నేను చేసిన నటన అదొక్కటే. మళ్లీ బోర్డుకి రమ్మంటే వస్తాను. ఈసారి మాత్రం అరుస్తాను.