నీ ఎత్తు పందిరి

నాయనా,

చెరకు తీసేసి ద్రాక్ష పెడదామంటే, "పెట్టుకో, ఆ సేన్లోకి నేను మాత్రం రాను పో" అన్నావు. ఈరోజు మొదటి కోత. గుత్తులు నిండుగా ఉన్నాయి. పూతలపట్టు వ్యాపారి ఒక పండు నోట్లో వేసుకుని ఇక బేరమే ఆడలేదు.

పందిరికి రాతి కూసాలు నాటేటప్పటికి నువ్వు పోయి ఏడాది. అందరికీ చేతికందే ఎత్తు చాలన్నాడు మేస్త్రీ. అమ్మ ఒప్పుకోలేదు.

"ఆయన పొడుగు మనిషి. తల తగలకుండా కట్టప్పా" అంది.

ఇప్పుడు కూలీలంతా స్టూళ్లెక్కి కోస్తూ నన్ను తిట్టుకుంటున్నారు. పందిరి దించుదామా అని అమ్మనడిగాను.

"దించేదేం లేదు. ఇంగో రెండు స్టూళ్లు తెప్పీ" అంది.

తెప్పించాను. పక్క చేనుకు కూడా కూసాలు వచ్చాయి నాయనా. అవీ నీ ఎత్తుకే నాటిస్తున్నాను.