భుజం మీద చెయ్యి

సెప్టెంబర్ 8, ఆదివారం

నలభై ఆరుగురు వచ్చారు. అందులో ఇద్దరు వాన తగ్గేదాకా తలదాచుకుందామని వచ్చినవాళ్లు. టికెట్ కొన్నారు కాబట్టి వాళ్లూ ప్రేక్షకులే.

కుర్చీల మధ్య దూరం మళ్లీ పెంచాం. నేను చేరిన కొత్తలో మోకాలికి మోకాలు తగిలేలా వేసేవాళ్లం. ఇప్పుడు రెండు కుర్చీల మధ్య సంచీ, గొడుగూ పెట్టుకుని ఇంకో మనిషి కూడా నిలబడొచ్చు. దూరం నుంచి చూస్తే హాలు నిండినట్టే ఉంటుంది. ఈ ఉపాయం ప్రెసిడెంటు గారిది. మా హిబారి ఆడవాళ్ల కుస్తీ కంపెనీ పెట్టింది ఆవిడే. ఒకప్పుడు తనూ రింగ్‌లో దిగిన మనిషి, ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. ఆడవాళ్లు ఇంత బాగా కొట్టుకుంటుంటే జనం ఇళ్లలో కూర్చుని ఏం చేస్తున్నారే అని నన్నే నిలదీస్తారు, నేనేదో వాళ్లని ఇళ్లలో కట్టేసినట్టు.

నేను ఓడిపోయాను. ఇందులో కొత్తేమీ లేదు.

సెప్టెంబర్ 9

తెల్లవారుజామున నాలుగింటికి, డబ్బా భోజనాలు కట్టిచ్చే బెంతో కొట్టులో అన్నం వండాను. కుడి భుజం పైకి లేవలేదు, ఎడమ చేత్తోనే కలియబెట్టాను. కొట్టు ఓనరమ్మ చూసి, ఫుమియే గారూ, నలభై మూడేళ్లొచ్చాయి, ఇంకా ఆ గెంతులు మానరా అంది. మానితే ఆదివారాలు ఏం చేసుకోవాలి? అడగలేదు. ఆవిడ దగ్గర జవాబు ఉంటుందేమోనని భయం.

పెద్ద కంపెనీల్లో ఎవరు గెలవాలో కాగితం మీద రాసిస్తారట. మా దగ్గర కాగితాల్లేవు. మ్యాచ్ రోజు మధ్యాహ్నం మేమే రింగ్ కడతాం. పలకలు పరిచి, గుడ్డ లాగి, తాళ్లు బిగిస్తుంటే ప్రెసిడెంటు గారు వచ్చి పలకలన్నీ కాలితో తొక్కి చూసి, వెళ్తూ వెళ్తూ ఒకరి భుజం తడతారు. ఆ తట్టించుకున్న మనిషి ఆ రోజు ఓడిపోవాలి. అంతే. ఎవరిని తట్టారని ఎవరూ అడగకూడదు. చివరి మ్యాచ్ వాళ్లిద్దరూ మధ్యాహ్నం నుంచి మాట్లాడుకోకూడదు కూడా.

ఇరవై రెండేళ్లుగా నా భుజం తడుతున్నారు. నువ్వు పడితే అవతలిది పెద్దదైనట్టు కనిపిస్తుందే అంటారు. పొగడ్తే అనుకుంటాను.

సెప్టెంబర్ 29, ఆదివారం

రింగ్ విప్పి లారీకెక్కించాక కిసారా, నేనూ స్నానాలశాలకి వెళ్లాం. ఇరవై నాలుగేళ్లది. మా ఛాంపియన్. పడ్డం నేర్పింది నేనే. మొదటి నెలంతా నా ముందే ఏడ్చింది.

వేడి నీళ్లలో మెడ దాకా మునిగి, అక్కా, తిట్టవుగా అంది. ముందు చెప్పి చావు అన్నాను. జనవరి నుంచి పెద్ద కంపెనీకి వెళ్తోందట. టీవీ, నెలనెలా జీతం, రింగ్ కట్టడానికి వేరే మనుషులు. డిసెంబర్ 15 తన ఆఖరి మ్యాచ్ ఇక్కడ. ప్రెసిడెంటు గారికి ముందే చెప్పిందట. ఆవిడేమన్నారే అంటే, ఆ రింగ్ మెత్తగా ఉంటుంది, పడేటప్పుడు ఒళ్లు మర్చిపోకు అన్నారట.

సంతోషంగా ఉందని చెప్పాను. నిజంగానే సంతోషంగా ఉంది. మరి నీళ్లలోంచి లేవబుద్ధి కాలేదెందుకో. వేళ్లు ఎండు రేగుపళ్లలా ముడతలు పడేదాకా కూర్చున్నాను.

అక్టోబర్ 20, ఆదివారం

ముప్ఫై ఎనిమిది మంది.

వెళ్లిపోయేవాళ్లు ఉండిపోయేవాళ్ల చేతిలో ఓడి వెళ్లాలి. ఇది మా ఒక్క కంపెనీ పద్ధతే కాదు, ఈ పని చేసేవాళ్లందరిదీ. అంటే డిసెంబర్‌లో కిసారా బెల్టు వదిలేసి వెళ్లాలి. ఆఖరి మ్యాచ్ నాతోనే అని ఇవాళ ప్రకటించారు. ఉండిపోయేవాళ్లలో నలభై నిమిషాలు నిలబడగలిగేదాన్ని నేనొక్కదాన్నే మరి.

అంటే బెల్టు నాకు. ఇరవై రెండేళ్ల తర్వాత.

ఎర్ర తోలు బెల్టు, మధ్యలో రేకు మీద ఒక పిట్ట, మా కంపెనీ పేరులోని హిబారి అదే. పిట్టకి పూత పోయి ఇప్పుడు కాకిలా ఉంది. అదైనా సరే. ఒక్కసారి నడుముకి కట్టుకుని జనం మధ్యలోంచి నడవాలని ఉంది. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

కానీ ఆఫీసు గోడ మీద వచ్చే సంవత్సరం క్యాలెండర్ తగిలించారు. ప్రతి ఏడాదీ అప్పటికే హాలు తీసుకున్న తేదీల చుట్టూ ఎర్ర సున్నాలుండేవి. ఈసారి ఒక్కటీ లేదు. మర్చిపోయారా? కావాలనా? బెల్టు నాకొచ్చి, ఆ తర్వాత మ్యాచే లేకపోతే నేనెవరికి ఛాంపియన్ని? అడుగుదామని తలుపు దాకా వెళ్లి, టీ తాగుతారా అని అడిగి వచ్చాను.

నవంబర్ 10, ఆదివారం

ముప్ఫై ఒకటి.

పేరు పిలవగానే అభిమానులు రింగ్‌లోకి కాగితపు రిబ్బన్లు విసురుతారు, ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. నాది పండిన ఖాకీపండు రంగు, ముదురు నారింజ. ఇప్పుడు ఆ రంగు విసిరేది సెకిగుచి గారొక్కరే, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన. ఇవాళ ఆయన రిబ్బన్ రింగ్ దాకా రాలేదు. మూడో వరుసలో ఎవరి నెత్తినో పడింది. తర్వాత వచ్చి, చెయ్యి లేవట్లేదమ్మా, వచ్చేసారి ముందు వరుస టికెట్ కొంటాలే అన్నారు. నాకూ లేవట్లేదండీ అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

నవంబర్ 11

బయట ఫెళ్లుమని ఎండ. ప్రెసిడెంటు గారు గొడుగు తెచ్చుకున్నారు. నిన్నా తెచ్చుకున్నారు, మొన్నా తెచ్చుకున్నారు. మతిమరుపు మొదలైందేమో అని గుబులుగా ఉంది.

డిసెంబర్ 1

పదిహేనో తారీకు టికెట్లన్నీ అయిపోయాయి. కుర్చీలు మళ్లీ దగ్గరికి జరపాలట. కిసారా వెళ్లిపోతోందని చూడ్డానికి వస్తున్నారు. ఉన్నన్నాళ్లూ రానివాళ్లు వెళ్తుంటే వస్తారేమిటో నాకు అర్థం కాదు. చావింటికి వచ్చినట్టు. కానీ జనం జనమే కదా. కుర్చీలు మోస్తుంటే నాకూ హుషారొచ్చింది, అది ఇంకా తికమక.

డిసెంబర్ 15, ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర

డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను.

నన్నే తట్టారు.

నేను రింగ్ కింద, మెట్ల పక్కన తాడు బిగిస్తున్నాను. ప్రెసిడెంటు గారు పలకలు చూసుకుని దిగుతూ నా భుజం మీద చెయ్యి వేశారు. మామూలుగా వేసినట్టు కాదు, గట్టిగా నొక్కారు. అర్థమైందా అన్నట్టు. తల ఊపాను. ఆవిడ నా వంక చూడను కూడా చూడలేదు.

అంటే బెల్టు కిసారాతోనే పెద్ద కంపెనీకి వెళ్తుంది. మంచిదే. అక్కడైనా ఎవరో ఒకరు ఆ పిట్టని చూసి ఇదెక్కడిదని అడుగుతారు. ఆవిడ ఆలోచన సరైనదే. నాకు అర్థమైంది.

లేదు, అర్థం కాలేదు. వెళ్లేవాళ్లు ఓడాలి కదా. ఆ ఒక్క పద్ధతి నా వంతు వచ్చేసరికే మారాలా? కోపంగా ఉంది. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ రానంత కోపం.

డిసెంబర్ 15, సాయంత్రం ఏడు

ఏం జరిగిందో వరసగా రాస్తేగానీ నాకే తెలిసేలా లేదు.

ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత కిసారా నన్ను ఎత్తి పడేసి మీద పడింది. సరే, రిఫరీ మూడు లెక్కపెడితే ఓడినట్టే కదా అని కదలకుండా పడుకున్నాను. రెండు అనగానే తనే పక్కకి దొర్లింది. జారిందేమో అనుకున్నాను. నేను లేచి మెల్లిగా ఒక దెబ్బ వేస్తే లారీ గుద్దినట్టు వెల్లకిలా పడిపోయింది. దాని జుట్టు పట్టి లేపి నా మీదికి లాక్కున్నాను. అది నన్ను తిప్పి తన మీదికి లాక్కుంది. జనం లేచి నిలబడి అరుస్తున్నారు. ఇద్దరం గెలవడానికి ప్రాణం పెడుతున్నాం అనుకున్నారు పాపం. మేమేమో ఓడడానికి తన్నుకుంటున్నాం.

మెడ చుట్టూ చెయ్యి బిగించి, ఏమైందే నీకు అని చెవిలో అడిగాను. అక్కా, నన్ను తట్టారు, నువ్వు గెలువు అంది. నన్నూ తట్టారే అన్నాను. రిఫరీ మోగి గారు వంగి, పెదాలు కదలకుండా, తల్లుల్లారా, ఎవరో ఒకరు పడుండండి, ఐదింటికి హాలు ఖాళీ చెయ్యాలి అన్నారు.

ప్రెసిడెంటు గారి వైపు చూశాను. గొడుగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నారు. మొహంలో ఏమీ లేదు.

ఇంక చేసేది లేక ఇద్దరం ఒకేసారి పరిగెత్తుకొచ్చి గుద్దుకున్నాం. ఇద్దరం పడ్డాం. మోగి గారు పది లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిలోపు ఒక్కరే లేస్తే వాళ్లదే గెలుపు, ఎవరూ లేవకపోతే మ్యాచ్ డ్రా, బెల్టు కిసారా దగ్గరే ఉండిపోతుంది. అదే సరైన దారి. నాకు తెలుసు. జనం కూడా గొంతు కలిపారు. ఐదు, ఆరు. పక్కన కిసారా కళ్లు మూసుకుని హాయిగా పడుకుంది. ఏడు. ముందు వరుసలో సెకిగుచి గారు లెక్కపెట్టడం లేదు. లే తల్లీ, లే తల్లీ అంటున్నారు. ఎనిమిది.

తొమ్మిదికి నేను నిలబడి ఉన్నాను.

ఎందుకు లేచానో తెలియదు. ప్రెసిడెంటు గారి మాట కాదన్నాను. జీవితంలో మొదటిసారి. లేచాక మళ్లీ పడుకోలేదు.

బెల్టు కట్టింది కిసారానే. చల్లగా ఉంది. అనుకున్నదానికంటే బరువు. జనం మధ్యలోంచి నడిచాను. ఖాకీపండు రంగు రిబ్బన్ ఒకటి నా మెడ మీద పడింది.

ప్రెసిడెంటు గారు కుర్చీలు మడవండే అన్నారు, అంతే.

డిసెంబర్ 16

బెల్టు పరుపు కింద ఉంది. కొట్టుకి వెళ్లే ముందు రెండుసార్లు చూశాను.

డిసెంబర్ 29, ఆదివారం

క్షమాపణ చెప్పుకుందామని ఆఫీసుకి వెళ్లాను. గోడ మీద ఫొటోలు తీసేశారు. ప్రెసిడెంటు గారు పాత పోస్టర్లు చుడుతున్నారు. మూసేస్తున్నానే, జనవరికి హాలు తీసుకోలేదు అన్నారు, చలిగా ఉంది కిటికీ వెయ్యి అన్నంత మామూలుగా. తలుపు దగ్గరే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

కాసేపటికి, ఆ రోజు మీరు తట్టినా లేచాను, తప్పయిపోయింది అన్నాను.

ఎవర్ని తట్టానే అన్నారు. నన్ను, మెట్లు దిగుతూ, గట్టిగా. ఆవిడ పోస్టరు పక్కన పెట్టి నన్నే చూశారు. పిచ్చి మొహమా, మోకాలు వంగక పడిపోబోతే నిన్ను పట్టుకున్నాను అన్నారు. తట్టింది కిసారా భుజాన్నట. పైన, రింగ్‌లో. వెళ్లేవాళ్లు కదా ఓడాలి, ఇరవై రెండేళ్లుగా ఉంటున్నావు, ఆమాత్రం తెలీదా అని కసిరారు. గొడుగు వాన కోసం కాదట. కుస్తీ పట్టినదాన్ని, చేతికర్ర పట్టుకుని నడుస్తానా అన్నారు.

అంటే నేను మాట కాదన్నది ఒక్కసారి, అదీ కాదన్నట్టు కాదు. ఆవిడ ఏమనుకున్నారో అదే చేశాను, ఎప్పట్లాగే. సంతోషపడాలో ఉడుక్కోవాలో తెలియలేదు. బెల్టు మొదటి నుంచీ నాదే. కానీ నేను లేచినప్పుడు అది నాకు తెలియదు కదా. ఆ లేవడం మాత్రం నాదే. ఇంటికొచ్చే దారంతా ఇదే ఆలోచన. దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను.

బెల్టు తిరిగి ఇవ్వబోతే, ఓడితేనే ఇవ్వాలి, ఓడించడానికి ఎవరున్నారు, ఉంచుకో అన్నారు.

జనవరి 19, ఆదివారం

మ్యాచ్ లేదు. ప్రెసిడెంటు గారిని మోకాలి ఆపరేషన్‌కి తీసుకెళ్లాను. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి నా భుజం మీద చెయ్యి వేశారు.

ఓడిపోవాలా అని అడిగాను.

మెట్లు చూసుకుని నడవవే, ఛాంపియన్‌వి అన్నారు.