వంతెన దాటని బండి

మా ఇంటి మనిషికి,

నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగను, మీ అక్క ఇంట్లో ఉన్నదానివి బాగానే ఉంటావు. వదిన విరిగిన కాలు ఎలా ఉందో మాత్రం రాయి.

సంగతేమిటంటే, కారు కొన్నాను. పాతది, డీజిల్ బండి. రంగు తెలుపని అమ్మినవాడన్నాడు, కడిగితే గానీ తెలీదు. నెలన్నర కిందట నువ్వు గుమ్మంలో నిలబడి ఏమన్నావు? "ఎవరైనా వచ్చి తీసుకెళ్తేనే వస్తాను" అన్నావు. నేనేమన్నాను? "బస్సుంది, ఎక్కి రా" అన్నాను. నువ్వు ఎక్కవు. నేను ఆ దారిలోనే ముప్ఫై రెండేళ్లు బస్సు తోలినవాణ్ణి, ఇవాళ ఇంకొకడి వెనక కూర్చుని టిక్కెట్టు చింపించుకోను. అందుకని కారు. నీకోసం కాదు. షెడ్డు ఖాళీగా ఉంది కదా అని.

షెడ్డు మాట ఎత్తకూడదనుకున్నాను, చెయ్యి జారి రాసేశాను. కొట్టేస్తే కాయితం పాడవుతుంది, ఉండనీ. నీ పిండిమర ఇంజను నువ్వున్నప్పుడే రెండేళ్లుగా తిరగలేదు. పక్క వీధిలో కరెంటు మర వచ్చాక దాని మొహం చూసినవాడు లేడు. అందుకే ఆ రోజు పాత ఇనుము కొట్టువాడికి ఇచ్చేశాను. నిన్నడిగితే వద్దంటావని అడగలేదు. అంతే సంగతి.

ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. కాకపోతే బండికి చిన్న జబ్బుంది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే పట్టదు. కొట్టగా కొట్టగా తెల్లపొగ కక్కి అప్పుడు లేస్తుంది. బండ్ల మేస్త్రి డీజిల్ పంపు విప్పాలంటున్నాడు. నాకు తోలడం వచ్చు గానీ బానెట్టు కింద ఏముందో ఏనాడూ చూడలేదు, డిపోలో దానికి వేరే మనుషులుండేవాళ్లు. నిన్ను అడగడం లేదు. ఊరికే రాస్తున్నాను.

ఇట్లు,
ఇంటి యజమాని

తా.క. ఉప్పెక్కడ పెట్టావు? నెలన్నరగా చప్పగా తింటున్నాను, ఒంటికి మంచిదని.

*

ఇంటి యజమాని గారికి నమస్కారం.

అక్క కాలు మెల్లగా అతుక్కుంటోంది. తొందరేం లేదంటోంది.

మీ ఉత్తరం బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు. ఉత్తరం వచ్చిన బస్సులో మనిషి కూడా రావచ్చు. సరే, పంతం మీది.

పంపు విప్పనివ్వకండి. ఆ మేస్త్రి విప్పడమే గానీ బిగించడం నేను చూడలేదు. తాళం తిప్పగానే స్టీరింగు వెనక పసుపు దీపం ఒకటి వెలుగుతుంది, చుట్ట చుట్టిన తీగలా ఉంటుంది బొమ్మ. అది ఆరేదాకా ఆగి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి. లోపల హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. చల్లటి ఇంజనులో డీజిల్ అంటుకోదు, పొగై పోతుంది. చలికాలం పొద్దున్నే మన మర ఇంజను గాలి పీల్చే చోట నూనెగుడ్డ వెలిగించి పెట్టేదాన్ని కదా, అదే పని ఇవి చేస్తాయి. ఇక్కడ పాలు తెచ్చే వ్యాను కూడా డీజిల్‌దే. దాని డ్రైవర్ని నిలబెట్టి అడిగి తెలుసుకున్నాను.

మీరు దీపం ఆరేదాకా ఆగి ఉండరు. నలభై ఏళ్లలో మీరు అన్నం ఉడికేదాకా కూడా ఆగలేదు.

ఇంజను విషయం "అంతే సంగతి" అన్నారు. అలాగే.

ఇట్లు,
మీ ఇంటి మనిషి

తా.క. ఉప్పు డబ్బాలోనే ఉంది. దాని మీద "పంచదార" అని రాసుంటుంది.

*

మా ఇంటి మనిషికి,

దీపం ఆరింది, బండి లేచింది. నేనే కనిపెట్టానని మేస్త్రికి చెప్పాను. నోరు తెరిచాడు, ఇంకా మూయలేదు.

ఆదివారం బయల్దేరాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, మొదటిసారి కదా, బండికి మర్యాద. పదిహేను మైళ్లు పట్టుబట్ట జారినట్టు పోయింది. సరిగ్గా వంతెన ఎక్కేసరికి నీరసం వచ్చి ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టాను, ఊహూఁ. తిట్టాను, ఊహూఁ. అరగంట కూర్చున్నాను. ఊరికే మళ్లీ కొట్టి చూస్తే ఏమీ ఎరగనట్టు లేచింది. ఇంటికి తిప్పాను. మన గుమ్మం ముందుకొచ్చి మళ్లీ ఆగింది. ఎదురింటి దర్జీ వచ్చి తోశాడు, తోస్తూ నా చొక్కా కుట్టు బాగోలేదన్నాడు.

మేస్త్రి డీజిల్ ఫిల్టరు మార్చాడు. వచ్చే ఆదివారం వస్తాను.

ఇట్లు,
ఇంటి యజమాని

తా.క. వంతెన మీద నుంచి మీ అక్క ఊరి గుట్ట మీది నీళ్ల ట్యాంకు చుక్కలా కనిపిస్తుంది. ముప్ఫై రెండేళ్లు ఆ దారినే పోయాను, ఎప్పుడూ చూడలేదు.

*

ఇంటి యజమాని గారికి నమస్కారం.

ఇంజను ఎలా ఆగింది? దీపం ఊదినట్టు ఒక్కసారిగా ఆగిందా, లేక నిద్రొచ్చినవాడిలా తూలి తూలి ఆగిందా? ఆగే ముందు నల్లపొగ వచ్చిందా? నాకు కావలసినవి రాయకుండా దర్జీ మాటలు రాశారు.

ఇంకొకటి అడుగుతాను. ఆగిన బండి మళ్లీ లేచింది. స్టీరింగు మీ చేతిలోనే ఉంది. వంతెన నుంచి ఇంటికెంత దూరమో ఇక్కడికీ అంతే దూరం. మీరు అటే తిప్పారు. అది ఫిల్టరు జబ్బు కాదు.

ఇట్లు,
మీ ఇంటి మనిషి

తా.క. ఆదివారం నేను కూడా ఇస్త్రీ చీరే కట్టుకున్నాను. అక్క అడిగితే, ఉతికింది అదొక్కటే ఉందన్నాను.

*

మా ఇంటి మనిషికి,

అంటే నేను పిరికివాణ్ణంటావు. కొండదారుల్లో బ్రేకులు లేని బస్సు దింపినవాణ్ణి.

ఈ ఆదివారం కూడా వంతెన దగ్గరే ఆగింది. తూలి తూలి ఆగింది, పొగా లేదు, చప్పుడూ లేదు. నేనింకా స్టీరింగు పట్టుకునే ఉన్నాను, పక్క నుంచి నా పాత బస్సు వచ్చింది. జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. కండక్టరు "డ్రైవరు గారూ, ఎక్కండి, మీకు టిక్కెట్టు అక్కర్లేదు" అన్నాడు. వంతెన కింద ఏరుంది కాబట్టి సరిపోయింది, అటు చూస్తూ ఉన్నాను.

ఇంటికెందుకు తిప్పావంటావు. మీ వీధిలో ఆగితే ఏంగాను? వదిన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉంటుంది. డ్రైవరు మరిది బండి తోసుకుంటూ వచ్చాడని పదేళ్లు చెబుతుంది. అదీ కాలు నిండా కట్టుతో.

మేస్త్రి ఇంజను మొత్తం దింపాలంటున్నాడు. వాడికి దింపడం తప్ప ఇంకో వైద్యం తెలీదు.

నీకు రావాలని లేకపోతే తిన్నగా రాయి. వదిన వంట రుచి మరిగావేమో.

ఇట్లు,
ఇంట్లో ఉన్న ఒక్కడు

తా.క. "ఉప్పు" అని రాసిన డబ్బా తెరిచాను. సూదులున్నాయి. నువ్వు ఇంటి మనిషివా, గూఢచారివా?

*

నమస్కారం.

రావాలని లేనిదాన్ని నేనా? రెండు ఆదివారాలు వీధి చివర దాకా నడిచి, ఎదురుచూడటం లేదన్నట్టు తిరిగొచ్చాను. మీరేమో వంతెన గోడ మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారట, కండక్టరు చెప్పాడు. తీసుకెళ్లడం ఇష్టం లేకపోతే అలాగే రాయండి. ఇంజను మీద పెట్టకండి. అది నోరు లేనిది.

ఇట్లు,
మీకు తెలుసు

తా.క. వంతెనకి మీ బండి మీద పగేం లేదు. పోయేటప్పుడు పదిహేను మైళ్లకి ఆగింది. తిరిగొచ్చేటప్పుడు వంతెన నుంచి పదిహేను మైళ్లకి, మన గుమ్మంలో ఆగింది. అంటే చోటు కాదు, దూరం. అరగంట ఆగితే తేరుకుంటోంది. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకు బిగుసుకుపోయి, ఇంజను ఎంత లాగినా డీజిల్ ఇవ్వదు. ఈసారి ఆగగానే ట్యాంకు మూత తిప్పి చెవి పెట్టండి. ఉస్సుమని లోపలికి పీలిస్తే అదే జబ్బు. మూతకి ఎవడో ఏదో చేశాడు. చేసినవాడు తెలివైనవాణ్ణనుకుని చేసుంటాడు.

*

మా ఇంటి మనిషికి,

ఉస్సుమంది. బావిలోంచి పైకి తేలినవాడిలా పీల్చింది.

చేసినవాణ్ణి నేనే. మూత వదులుగా ఉందనిపించింది, డీజిల్ వాసన ఇస్త్రీ చొక్కాకి పడుతుందని సైకిలు ట్యూబు ముక్క కోసి బిగించి, పైన మైనం కూడా పూశాను. గాలి కూడా దూరకూడదని పూశాను. దూరలేదు. మేస్త్రికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. డ్రైవరు తన తప్పు తను చెప్పుకుంటే ఆ బస్సెవరెక్కుతారు?

ట్యూబు పీకి ఏట్లో పారేసి వంతెన దాటాను. ఇది నిన్నటి మాట, బుధవారం. ఆదివారం దాకా ఆగలేకపోయాను. మీ వీధి మలుపు దాకా వచ్చాను. నిన్ను చూశాను.

ఇంట్లో లేవు. రోడ్డు పక్క పొలంలో, బావి దగ్గర, రేకుల పాకలో ఎవరిదో నీళ్ల ఇంజను ఆడుతోంది. దాని పక్కన పీట వేసుకుని కూర్చున్నావు. దాని మీద చెయ్యి వేసి, తల వంచి, జ్వరమొచ్చిన బిడ్డ దగ్గర కూర్చున్నట్టు. మనదానికంటే మంచి ఇంజనులా ఉంది, శుభ్రంగా ఉంది.

నాకేమైందో తెలీదు. నీ ఇంజను నేను అమ్మేస్తే పరాయివాడి ఇంజను పక్కన కూర్చున్నావే అనిపించింది. దిగి ఏమని పిలవను? బండి తిప్పుకుని వచ్చేశాను. దారిలో ఎక్కడా ఆగలేదు. ఈసారి బండికి ఏ జబ్బూ లేదు, చెప్పుకోవడానికి నాకింకేమీ మిగల్లేదు.

అడగకుండా అమ్మాను. తప్పు. ఈ ఒక్క మాట రాయడానికి మూడు కాయితాలు చింపాను. ముప్ఫై ఏళ్లు పొద్దున్నే ఆ ఇంజను చప్పుడుకి లేచి విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో ఏ చప్పుడూ లేదు. లేవాల్సిన పనీ లేదు.

ఇట్లు,
నేనే

తా.క. ఎప్పుడొస్తావని అడగడం లేదని రాద్దామనుకున్నాను. అడుగుతున్నాను.

*

మా ఇంటాయనకి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి అక్క లాక్కుని పైకి చదివింది, పక్కింటివాళ్లకి కూడా వినపడేట్టు. మీ వదిన నోటికి మీరు భయపడింది నిజమే, సరిదిద్దే పనేం లేదు.

ఇక మీతో కొన్ని చెప్పాలి.

అక్క కాలు విరగలేదు. నిక్షేపంలా ఉంది. నిన్న నిచ్చెనెక్కి ఇంటి కప్పు ఊడ్చింది.

మీరు పరాయివాడి ఇంజనన్నారు. మనదానికంటే మంచిదన్నారు. ముప్ఫై ఏళ్లు దాని సంపాదన తిన్నారు, దాని మొహమెలా ఉంటుందో తెలీదు. అది మనదే. నేను రోజూ తుడుస్తున్నాను, మర బదులు నీళ్లు లాగేసరికి గొంతూ మారింది, అందుకే గుర్తుపట్టలేదు.

పాత ఇనుము కొట్టువాడు దాన్ని తునకలు చెయ్యలేదు. అక్క ఊరి రైతుకి బావి మీద పెట్టుకోడానికి అమ్మాడు. మీరు అమ్మిన సాయంత్రమే వాడి కొట్టుకెళ్లి అడిగాను. ఇంటికొచ్చి బట్టలు సర్దుకున్నాను. నేను అలిగి అక్కింటికి వచ్చాననుకున్నారు. అలిగాను, కాదనను. కానీ వచ్చింది దాని వెనక. ఉన్న సంగతి చెబితే ఇనుము కోసం ఇల్లు వదిలిందని నవ్వుతారని అక్క కాలు విరగ్గొట్టాను.

ఆ రైతు చేతికది వారం రోజులు లేవలేదు. పది మంది పట్టి తిప్పినా దగ్గి ఊరుకునేది. నేను పోయి చెయ్యి వేస్తే మూడో తిప్పుకి పలికింది. ఆ రోజు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను, చెప్పుకోడానికి మీరు లేరు. ఈ రెండు నెలల్లో ఆయనకీ ఆయన భార్యకీ అన్నీ నేర్పాను. ఎప్పుడు నూనె పొయ్యాలి, ఏ చప్పుడొస్తే భయపడాలి, ఏ చప్పుడొస్తే పట్టించుకోకూడదు. మొన్న ఆవిడ చెవి పెట్టి "అక్కా, డీజిల్ చిమ్మే నాజిల్ కారుతున్నట్టుంది" అంది. నిజంగానే కారుతోంది. అది విన్నాక నాకిక్కడ పని అయిపోయిందని తెలిసింది. నేను లేకపోయినా అది బతుకుతుంది. ఏడుపొచ్చింది, కానీ మంచి ఏడుపే.

బుధవారం మీ బండి వినపడింది. మలుపులో మూడు నిమిషాలు నిలబెట్టారు. బావి ఇంజను ఆడుతున్నా విన్నాను. ఒక సిలిండరు సరిగా కొట్టడం లేదు, ఎవరి బండో అనుకోవాల్సిన పని లేకపోయింది, అలాంటిది కొనేవాళ్లు మీరొక్కరే. వెనక్కి తిరగలేదు. తిరిగితే నేనే పరిగెత్తుకొచ్చి ఎక్కేసేదాన్ని, మీరు వచ్చి పిలవాలన్న నా మాట ఏమవుతుంది? అలా నా పంతం నేను పట్టుకుని కూర్చున్నాను, మీ పంతం మీరు తిప్పుకుని వెళ్లిపోయారు. మీరు పోయాక ఇంజను ఆపి, చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా విన్నాను. వంతెన దాకా వినపడింది. ఉత్తదే, అంత దూరం వినపడదు. కానీ విన్నాను.

ఈసారి మలుపులో ఆపండి. దిగకండి, మీరు దిగితే ఏమనాలో ఆలోచిస్తూ అక్కడే నిలబడిపోతారు. పిలవకండి, హారన్ కొట్టకండి. అక్కకి కనపడకండి. ఇంజను మాత్రం ఆపకండి. నా సంచీ ఇప్పటికే గుమ్మంలో ఉంది. నేనే వచ్చి ఎక్కుతాను.

ఇట్లు,
మీ ఇంటి మనిషి

తా.క. ఆదివారం వస్తానని రాస్తారని తెలుసు. శనివారం కూడా రోడ్డు అక్కడే ఉంటుంది.