ఇస్త్రీ చేసిన నోట్లు

జూన్ 3, శనివారం

లాండ్రీ నుంచి నడిచే వచ్చాను. కాళ్ళు పీకుతున్నాయి. వారం బస్సు డబ్బుల్లో మిగిలిన ఇరవై నోటు బిస్కెట్ డబ్బాలో పడేశాను. మూత మీద అక్క రాత అలాగే ఉంది: సముద్రం, రెండు టికెట్లు.

ప్రతి శనివారం నాదొక ఇరవై, అక్కదొక ఇరవై. రెండేళ్ళుగా అదే లెక్క. ఇద్దరం పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూసింది లేదు. అక్క పోయి రెండు నెలలు. ఇప్పుడు ఎవరితో వెళ్దామని దాస్తున్నానో నాకే తెలియదు. చెయ్యి అలవాటు పడిపోయింది, అంతే.

జూన్ 10

డబ్బాలో ఒక నోటు ఎక్కువుంది. నేనే మర్చిపోయి రెండు వేసి ఉంటాను. నా మతిమరుపు కొత్తదేం కాదు.

జూన్ 17, సాయంత్రం ఆరు

నేను కాదు. ఈ వారం ఇంకోటి వచ్చింది. నా నోట్లు నలిగి ఉండలు కట్టి ఉంటాయి. ఇవి రెండూ ఇస్త్రీ చేసిన నోట్లు.

లాండ్రీలో నేను కౌంటర్‌లో కూర్చుని బట్టలకి ట్యాగులు కడతాను. అక్కది ఇస్త్రీ టేబుల్. ఇంట్లో కూడా, డబ్బాలో వేసే ప్రతి నోటు మీదా ఓసారి పెట్టె రుద్దేది. నలిగిన నోటైతే చెయ్యి ఊరికే ఖర్చు పెట్టేస్తుందట. తిన్నగా ఉన్నదాన్ని మార్చడానికి మనసొప్పదట. పిసినారి అక్కా అని ఏడిపించేదాన్ని.

మూత గబుక్కున మూసేశాను. అమ్మకి చెప్పలేదు. చెప్తే ఇంకేమైనా ఉందా.

జూన్ 24

మళ్ళీ ఉంది. అక్కా, నువ్వేనా అని పైకే అడిగేశాను.

జూలై 1

నాలుగో నోటు. భయం వెయ్యాలి. వెయ్యడం లేదు. సోమవారం నుంచే శనివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. అక్క ముందు తేలిపోకూడదని లాండ్రీలో సాయంత్రం టీ మానేసి నా వంతు నలభై చేశాను. కొత్తగా వచ్చిన ఇస్త్రీ అమ్మాయి, ఏంటక్కా, మీలో మీరే నవ్వుకుంటున్నారు అని అడిగింది. ఏం లేదన్నాను.

డబ్బాలో ఎంతయిందని అమ్మ అడిగింది. తనెప్పుడూ అడగదు.

జూలై 8

ఈసారి నోటు మూల మాడింది. పెట్టె మొన తగిలినంత మేర గోధుమరంగు మరక.

తొమ్మిదేళ్ళలో అక్క ఒక్క బట్ట మాడ్చలేదు. ఎంత పల్చటి పట్టుబట్ట వచ్చినా ఓనరు కళ్ళు మూసుకుని అక్కకే ఇచ్చేవాడు. ఇది అక్క చెయ్యి కాదు.

అక్క ఇవాళే పోయినట్టుంది నాకు.

జూలై 9, పొద్దున ఎనిమిది

అమ్మ బొటనవేలికి బొబ్బ. ఏంటంటే గిన్నె కాలిందంది. నేను ఇస్త్రీ పెట్టె కేసి చూశాను. అమ్మ తల దించుకుంది.

బీపీ మాత్రలకని నేనిచ్చే డబ్బులతో ఐదు వారాలుగా సగమే కొంటోంది. రోజు విడిచి రోజు వేసుకుంటోంది. మిగిలింది డబ్బాలోకి. నోటికొచ్చినట్టు తిట్టాను. నీకేమైనా అయితే నాకెవరున్నారని అరిచాను. అమ్మ ఏడవలేదు. అక్క వంతు ఆగిపోతే నువ్వూ ఆపేస్తావు, ఇంక ఈ ఇంట్లో అది ఉందనడానికి ఏం మిగుల్తుందే అంది. మళ్ళీ తనే, ఇస్త్రీ మాత్రం బాగానే చేశాను కదా అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

జూలై 13

అమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో ఉన్నాం.

జూలై 20

గండం గడిచింది. మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దని డాక్టరు ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టాడు. పగలు నేను పనిలో ఉంటాను కాబట్టి అమ్మని పిన్ని తన ఇంటికి తీసుకెళ్ళింది.

డబ్బా ఖాళీ. అక్క నోట్లన్నీ బిల్లు కట్టే చోట ఇచ్చేశాను. అవి ఒకదానికొకటి అంటుకుంటున్నాయని లెక్కపెట్టే ఆవిడ విసుక్కుంది. అక్క చెప్పింది నిజమే. వాటిని వదలడానికి ప్రాణం ఒప్పలేదు. ఆవిడ రెండుసార్లు లాగితే గానీ నా చెయ్యి వదల్లేదు.

ఇస్త్రీ పెట్టె లాండ్రీలో ఇచ్చేశాను. ఎందుకిస్తున్నావని ఓనరు అడిగాడు. ఇంట్లో చేసేవాళ్ళు లేరన్నాను. మూత మీద రాత చెరిపేద్దామని తడిగుడ్డ పట్టుకుని కూర్చున్నాను. చెరపలేకపోయాను. మళ్ళీ బస్సు ఎక్కుతున్నాను. దాచడానికి ఇంకేముంది.

జూలై 29, శనివారం

అమ్మ ఇంకా పిన్ని ఇంట్లోనే ఉంది. తాళం నేనే తీశాను.

డబ్బాలో ఒక నోటు. తిన్నగా ఉంది. ఎక్కడా మాడలేదు. ఇంకా వెచ్చగా ఉంది.

సోమవారం నుంచి నడిచే వెళ్తాను.